పడవ సత్తియ్య గారి కూతురు

అమలాపురం,
నవంబరు 10, ఆదివారం

నాన్నగారికి,

ముందు కంగారు పడకండి. నాకు ఒంట్లో బాగానే ఉంది, కాలేజీలో ఎవరూ నన్నేమీ అనలేదు. మన గుమ్మం ముందు పోస్టుమాన్ సైకిలు ఆగి ఎన్నేళ్లయిందో! అతన్ని చూసి మీరు ఏమైందో అనుకుని ఉంటారు. ఏమీ అవలేదు. ఉత్తరం రాయాలనిపించి రాస్తున్నాను.

అదీ పూర్తిగా నిజం కాదు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మా కాలేజీలో ఈ ఏడాది సాహస శిక్షణ అని ఒకటి పెట్టారు. రెండు నెలలు. శనివారాలు ఎవరికైనా ఉపయోగపడే పని చేయాలి, రోజూ వ్యాయామం చేయాలి, చేతిపని ఏదైనా ఒకటి నేర్చుకోవాలి. ఆఖరున మూడు రోజుల యాత్ర. పలివెల నుంచి సైకిళ్ల మీద బయలుదేరి, గోదావరి పాయలో పడవలెక్కి, సముద్రం దాకా వెళ్లాలి. తెడ్లు మేమే వేయాలి, వంట మేమే చేసుకోవాలి, ఫోన్లు ఉండవు. మొత్తం పద్నాలుగు మందిమి చేరాం. నడిపించేది అనంతపురం నుంచి వచ్చిన గంగాధర్ గారు. "ఫోన్లో చెప్పలేని మాట ఏదైనా ఉంటే ఇంటికి ఉత్తరం రాయండి" అన్నారు ఆయన.

మనిద్దరం ఫోన్లో చెప్పుకోగలిగే మాట ఏముంది చెప్పండి? మీరు "అన్నం తిన్నావా అమ్మలూ" అంటారు. "ఆయ్" అంటాను. "మీరండీ?" అంటాను. "ఆయ్" అంటారు. ఆ తర్వాత మీ రొయ్యల చెరువు దగ్గర మోటారు తిరుగుతున్న చప్పుడు కాసేపు వింటాను. "ఉంటానమ్మా" అని పెట్టేస్తారు. అమ్మ ఉన్నప్పుడు మన మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. ఈ మూడేళ్లలో మనకు అలవాటు కాలేదు.

అసలు సంగతికొస్తాను. మొదటి రోజున గంగాధర్ గారు ఒక్కొక్కరినీ పిలిచి ఫారాలు నింపారు. ఆయనకు మన వైపు నీళ్లంటే మహా ముచ్చట. లాకుల దగ్గర పావుగంట నిలబడి నీళ్లు చూస్తారు. మాది ఏటి నడిమి లంక అని, మా నాన్నగారు వంతెన కట్టేదాకా రేవులో పడవ వేశారని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అట్లైతే నువ్వు నీళ్లలోనే పుట్టినావన్నమాట. ఈత బాగా వస్తాది కదమ్మా?" అన్నారు.

"ఆయ్" అన్నాను.

నాన్నగారూ, మీకు తెలుసు నేనెందుకన్నానో. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే వింటున్నామండీ అన్నట్టు మధ్యమధ్యలో అంటాం కదా, ఆ ఆయ్ అది. ఔనని చెప్పినట్టు కాదు. "ఆయ్, అంటే ఏంటంటేనండీ..." అని మొదలుపెట్టబోయాను. ఈలోగా ఆయన ఫారంలో టిక్కు పెట్టేసి తర్వాతివాళ్లను పిలిచేశారు. పెట్టిన టిక్కును కొట్టేయమని అనంతపురం నుంచి వచ్చిన పెద్దమనిషికి ఎలా చెప్పడం? రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాటికి నా పేరే మారిపోయింది. అందరూ నన్ను "పడవ సత్తియ్య గారి కూతురు" అంటున్నారు. తెడ్డు ఎలా పట్టాలో, ఏరు ఎప్పుడు పోటెత్తుతుందో నన్నే అడుగుతున్నారు. చిన్నప్పుడు మీ పడవవాళ్లు మీలో మీరు అనుకునే మాటలు ఒడ్డున కూర్చుని విన్నాను కదా, అవే అప్పజెబుతున్నాను. నోరారా ఆహా అంటున్నారు.

నాకు ఈత రాదని ఈ భూమ్మీద తెలిసింది మీకూ, అన్నయ్యకూ, నాకూ. ఇంకెవరికీ తెలియదు. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. మీతో అన్నాను.

ఆదివారం కదా, అందరూ ఊళ్లకు పోయారు. హాస్టల్లో నేనూ, వంటమనిషీ, ఒక పిల్లీ ఉన్నాం. వంటమనిషి రెండు గంటలకు వెళ్లిపోయింది. వచ్చే శనివారం గంగాధర్ గారికి చెప్పేస్తాను.

ఇక్కడే ఉన్న మీ
వాణి


అమలాపురం,
నవంబరు 24, ఆదివారం

నాన్నగారికి,

ఉత్తరం అందిందా అని ఫోన్లో అడిగితే "అందిందమ్మా" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. సరే. ఈసారి మీరేమీ అనకపోయినా ఫరవాలేదు, చదవండి చాలు.

గంగాధర్ గారికి నేను చెప్పలేదు. చెప్పకపోగా, ఈత వచ్చినవాళ్లను ఏరి లంకబడి పనికి వేస్తే అందులో నేనూ ఉన్నాను. కొత్తపేట అవతల ఒక లంకలో చిన్న బడి ఉంది. ఒడ్డు ఊళ్ల నుంచి పిల్లలు పాయ దాటి రోజూ పడవలో వచ్చిపోతారు. వాళ్లకు తేలే జాకెట్లు తొడగడం, పడవలో ఎక్కడ కూర్చోవాలో చెప్పడం, దిగేటప్పుడు కాచుకోవడం మా శనివారం పని. నేనూ, మా జట్టులోనే ఉన్న క్రిస్టీనా అని ఒక హెడ్మాస్టారి అమ్మాయీ. క్రిస్టీనా పడవలో పిల్లలతో ఉంటుంది, నేను రేవు మెట్ల దగ్గర నిలబడతాను. ఆ చోటు నేనే అడిగి తీసుకున్నాను. ఒడ్డు మీద ఉండటంలో నాకు బాగా అనుభవం ఉంది కదా.

మొదటి వారం బాగానే ఉంది. పిల్లలు "వాణి టీచరండీ" అని చేతులు పట్టుకున్నారు. నా చెయ్యి పట్టుకుని ఒక్కరొక్కరే మెట్టెక్కుతుంటే నాకు ఎంత బాగుందో, ఎంత భయమేసిందో చెప్పలేను.

నిన్న పడవ ఆగింది. రెండో తరగతి పిల్ల, జాయ్ అని ఉంది, మెట్టు మీదికొచ్చి నిలబడి జాకెట్టు విప్పి నా చేతికిచ్చింది. దాని చెప్పు ఒకటి నీళ్లలో పడి తేలుతోంది. దానికోసం వంగింది. జారింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. మెట్ల పక్కన లోతని మాకు ముందే చెప్పారు. నాకూ దానికీ మధ్య నాలుగు అడుగులు లేవు నాన్నగారూ. జుట్టు కనిపించింది, తర్వాత చెయ్యి కనిపించింది. నా చేతిలో దాని జాకెట్టు ఉంది. దాన్ని విసరాలన్న ఆలోచన కూడా రాలేదు. చేతులు రెండూ అటూ ఇటూ చాచి అలా నిలబడిపోయాను. క్రిస్టీనా పడవలోంచి దూకింది. పిల్లను జుట్టు పట్టుకుని మెట్టు మీదికి తోసింది. ఆ పిల్ల దగ్గి, కక్కుకుని, ఆ తర్వాత చెప్పు కోసం ఏడ్చింది.

మిగతా పిల్లలు మెట్ల వైపు రాబోయి, నా చేతులు అడ్డంగా ఉన్నాయని ఆగేరట. వాళ్ల టీచరు పుష్పలత గారు వచ్చి నా భుజం తట్టేరు. "ఎంత నిబ్బరమమ్మా నీది! ఒక్కరు దూకితే ఇంకొకరు మిగతావాళ్లని ఆపాలని ఎంత బాగా తెలిసిందో. నువ్వలా చేతులు అడ్డం పెట్టబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఇంకో నలుగురు పడేవోరు. అంతేనా?"

"ఆయ్" అన్నాను.

ఇది ఆ మొదటి ఆయ్ లాంటిది కాదు. ఇది తెలిసి ఆడిన అబద్ధం. నేను ఎవరినీ ఆపలేదు. నేను పడిపోకుండా ఉండటానికి చేతులు చాచాను. సాయంత్రం గంగాధర్ గారు అందరి ముందూ మా ఇద్దరి పేర్లూ చెప్పి చప్పట్లు కొట్టించారు. యాత్రలో వెనక పడవకు కాపు నేనేనట. ముందు పడవలోంచి ఎవరు పడ్డా దూకవలసింది నేను. పదమూడు మంది నా వైపు చూసి నవ్వారు. వాళ్ల మధ్య నిలబడి నేను ఎంత ఒంటరిదాన్నయ్యానో మీకు ఎలా రాయాలో తెలియడం లేదు. ఇంట్లో ఎవరూ లేకపోతే ఒంటరితనం అనుకునేదాన్ని. అది దీని ముందు ఏమీ కాదు.

ఇప్పుడు ఇన్నేళ్లుగా అడగని మాట అడుగుతాను. నాకెందుకు ఈత నేర్పలేదు నాన్నగారూ? అన్నయ్య ఏట్లో చేపలా తిరిగేవాడు. ఇవాళ కాకినాడ హార్బర్లో బోటు మీద పనిచేస్తున్నాడు. నేను నీళ్ల దగ్గరికి వస్తే చాలు, మీరు పడవ తోసే గెడ పైకెత్తి కేకలేసేవారు. "ఒడ్డున కూర్చో! అడుగు వేసేవంటే కాళ్లు విరగ్గొడతాను!" అనేవారు. మీరు నా మీద అరిచింది ఆ ఒక్క విషయంలోనే. ఊళ్లో పిల్లలందరూ మీ పడవలో షికారు తిరిగేవారు. నేను మాత్రం పలకా పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చునేదాన్ని. పడవ అటు పోయి ఇటు వచ్చేదాకా మీ వీపు చూస్తూ కూర్చునేదాన్ని. ఆడపిల్లకు ఈతెందుకు అనుకున్నారా? కొడుక్కి ఇచ్చినదాంట్లో సగమైనా కూతురికి ఇవ్వాలనిపించలేదా? మీరు నన్ను ఒడ్డున వదిలేశారు. నిన్న ఆ పిల్ల మునుగుతుంటే నేను ఆ ఒడ్డునే ఉండిపోయాను. ఈ తప్పులో మీ వాటా మీకుంది.

నేను ఒకటి అనుకున్నాను. వచ్చే నెలలో యాత్రకు ముందు జ్వరమని చెప్పి మానేస్తాను. శిక్షణ మానేస్తాను, క్రిస్మస్ సెలవుల తర్వాత ఈ హాస్టలు కూడా మారిపోతాను. ఎవరికీ కారణం చెప్పను. సెలవులకు ఇంటికి కూడా రాను. వచ్చి ఏం చేస్తాం, ఇద్దరం చెరో గదిలో కూర్చోవడం తప్ప.

కోపంగా రాశాను. చింపేసి మళ్లీ రాయను.

వాణి


లంక నుంచి,
నవంబరు 29

అమ్మలూకి,

నాన్న రాస్తున్నాను. ఐదో తరగతి చదువు, అది కూడా పాతబడిపోయింది. తప్పులుంటే దిద్దుకో. ఎప్పుడూ ఏ కాగితమైనా పక్కింటి సత్యనారాయణమ్మ గారి మనవడి చేత రాయించేవాడిని. ఇది ఇంకొకరి చేత రాయించేది కాదు.

నీ రెండో ఉత్తరం చెరువు గట్టు మీద కూర్చుని చదివాను. నాలుగుసార్లు చదివాను. అడిగావు కనుక చెబుతున్నాను.

నాకు ఈత రాదు.

నేను పుట్టింది మండపేటలో. మిల్లులో మూటలు మోసేవాడిని. మీ అమ్మను చేసుకుని ఇల్లరికం వచ్చాను. మీ గంగయ్య తాతగారు తన గెడ నా చేతికిచ్చేరు. "భయమేమన్నా ఉందా అల్లుడుగారూ?" అని అడిగేరు. లేదండీ అన్నాను. ఈత వచ్చా అని అడగలేదు. పడవ వేసేవాడికి ఈత రాదని ఎవరికి తడుతుంది? నెల తిరిగేసరికి గెడ వేయడం వచ్చేసింది. ఎక్కడ ఎంత లోతో గెడకి తెలుస్తుంది. ఈత మాత్రం రాలేదు. పెళ్లైనవాడిని, పిల్లల మధ్య దిగి నేర్చుకుంటే నలుగురూ నవ్వుతారని సిగ్గుపడ్డాను. తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాత చెప్పే వీల్లేకుండా పోయింది.

మీ అన్నయ్యకు ఈత నేర్పింది నేను కాదు. మీ తాతగారు. వాడి నడుముకు ఎండు కొబ్బరికాయలు జతగా కట్టి ఏట్లో వదిలేవారు. నువ్వు నడిచే వేళకు ఆయన పోయారు. నీకు నేర్పడానికి ఎవరూ లేరు.

ఇంకోటి ఉంది. నీకు తెలియదు. నీకు నాలుగేళ్లు. నువ్వు అడిగావని పడవలో కూర్చోబెట్టుకున్నాను. పన్నెండు మంది ఎక్కేరు. నడి ఏట్లో నువ్వు నీళ్లలో చెయ్యి పెట్టి ఆడుకుంటూ ముందుకు పడిపోయావు. నేను చూస్తూనే ఉన్నాను. రెండు చేతులతో గెడ పట్టుకుని నిలబడిపోయాను అమ్మా. నీ ఎర్ర గౌను కనబడింది, ఆ తర్వాత కనబడలేదు. కొబ్బరి దింపే ఏలీయా పడవలో ఉన్నాడు. అతను దూకి తీశాడు. ఒడ్డుకి వచ్చాక అందరూ నా చుట్టూ మూగేరు. "గెడ వదిలితే పడవ తిరగబడేది. సొంత కూతురు పడినా చెయ్యి సడలలేదు, సత్తియ్య నిబ్బరమైన మనిషి" అన్నారు. నేను తలూపాను. ఏలీయా ఒక్కడికే నా ముఖం చూసి సంగతి తెలిసిపోయింది. నాకు ఈత రాదని మీ అమ్మకు చెప్పొద్దని అతన్ని బతిమాలుకున్నాను. చెప్పలేదు. మీ అమ్మ తెలియకుండానే పోయింది.

అప్పటి నుంచి నిన్ను ఒడ్డున కూర్చోబెట్టాను. ఆడపిల్లవని కాదు. నువ్వు పడితే తీసే చేతులు నాకు లేవు. అందుకు అరిచేవాడిని. పడవ అటు తిప్పినప్పుడు నువ్వు నా వీపు చూసేదాన్నన్నావు. నేను వెనక్కి చూడకుండా ఉండటానికి పళ్లు కరిచి పట్టుకునేవాడిని. చూస్తే నువ్వు మెట్టు దిగుతున్నట్టే ఉండేది.

వంతెన కట్టినప్పుడు పడవ పోయిందని ఊరంతా నా కోసం బాధపడ్డారు. నేను మాత్రం ఆ రోజు, గెడ పట్టిన పదిహేడేళ్లకు, కంటినిండా నిద్రపోయాను. ఆ సంగతి ఎవరితో చెప్పుకోను? పొగిడినవాళ్లందరి మధ్యా ఒక్కడినే ఉండిపోయాను. నువ్వు రాసిన ఒంటరితనం అదేనని నాకు తెలుసు.

జ్వరమని చెప్పకు. హాస్టలు మారితే అది నీతో అక్కడికీ వస్తుంది. ఆ అనంతపురం ఆయనకు చెప్పేసెయ్. నాలుగు మాటలు అంటారు, పడు. నువ్వు చెప్పకపోతే ఆ వెనక పడవలో నిన్ను నమ్ముకుని కూర్చునేవాళ్లు ఉంటారు. నా పడవలో పన్నెండు మంది కూర్చున్నట్టు.

నా వాటా నాకుంది అన్నావు. ఒప్పుకుంటున్నాను.

సెలవులకు రావాలని ఉంటే రా. రాకపోతే నేనే వస్తాను.

మీ నాన్న
సత్తియ్య


అమలాపురం,
డిసెంబరు 8, ఆదివారం

నాన్నా,

గారు లేకుండా రాస్తున్నాను, ఈ ఒక్కసారికి ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం చదివాక ఈ ఆరు రోజులూ ఏం చేశానో నాకు సరిగా గుర్తు లేదు. అన్నం తిన్నాను, క్లాసులకు వెళ్లాను. ఒకసారి కాలువ వంతెన మీద నిలబడి, ఎర్ర గౌను వేసుకున్న నాలుగేళ్ల పిల్ల గురించి ఏడ్చాను. ఆ తర్వాత చూస్తే ఆ ఏడుపు ఆ పిల్ల కోసం కాదు. గెడ పట్టుకుని నిలబడ్డ మనిషి కోసం.

నిన్న శనివారం అందరూ కూడినప్పుడు లేచి నిలబడ్డాను. నాకు ఈత రాదండీ అన్నాను. రేవు దగ్గర నేను ఎవరినీ ఆపలేదు, భయంతో బిగుసుకుపోయాను అన్నాను. జాయ్ పేరు కూడా చెప్పేశాను.

గంగాధర్ గారు ఫారాల కట్ట తీసి నా టిక్కు వెతికి చూశారు. ఆ తర్వాత "మొదటి రోజు అడిగితే నువ్వు ఆయ్ అన్నావు కదమ్మా?" అన్నారు.

"అన్నానండీ. మా వైపు ఆయ్ అంటే ఔనని ఒక్కటే కాదండీ. మీరు చెప్పేది వింటున్నానండీ అని కూడా."

"మరి రాదు అనేదానికి ఏమంటారు మీరు?"

"పెద్దవాళ్ల ముఖం మీద రాదు, కాదు అనడం మాకు అలవాటు లేదండీ" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. మిగతా ఫారాల మీది టిక్కులు కూడా చూశారు. కుర్చీ వెనక్కి తోసి లేచారు. "ఒక్కరు కూడా ఆయ్ అనగూడదు. నోరు తెరవొద్దు. ఈత వచ్చినోళ్లు కిటికీ పక్కకు పోండి. రానోళ్లు తలుపు పక్కకు రండి."

నేను ఒక్కదాన్నే తలుపు దగ్గరికి వెళ్లాను. ముందు మధుబాబు వచ్చాడు. మెడలో ఈల వేసుకుని అందరికీ జాగ్రత్తలు చెప్పేవాడు అతను! తల వంచుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత ఇద్దరు అమ్మాయిలు. ఆ తర్వాత ఇంకొకడు. ఆఖరున మా అందరికంటే పెద్దవాడు, ఫిలిప్, "నేనూ ఆయ్ అన్నానండీ" అంటూ వచ్చాడు. పద్నాలుగు మందిలో ఆరుగురం. పడవలెక్కి సముద్రం దాకా వెళ్లబోయినవాళ్లం. గంగాధర్ గారు తల పట్టుకుని కూర్చుండిపోయారు. "తప్పు నాదేనప్పా. అడిగే పద్ధతి నాకు తెలియలేదు" అన్నారు.

అన్నీ బాగైపోయాయని అనుకోకు. క్రిస్టీనా నాతో మాట్లాడటం లేదు. వెళ్లేముందు ఒక్క మాట అంది. "నాకేమైనా అయితే వెనకాల నువ్వు దూకుతావనుకుని దూకేనే నేను." పుష్పలత గారికి వచ్చే వారం నేనే వెళ్లి చెప్పాలి. జాయ్ వాళ్ల అమ్మకు కూడా. రేవు దగ్గర పని నాకు ఇక లేదు. బడిలో జాకెట్లు ఉతికి ఆరేసే పని ఇచ్చారు.

యాత్ర ఫిబ్రవరికి వాయిదా పడింది. ఆ లోపు ప్రతి ఆదివారం పొద్దున్నే ఆరుగురమూ కాలువలో దిగి ఈత నేర్చుకోవాలి. ఎవరికి ఎంత వచ్చిందో రాయడానికి గంగాధర్ గారు ఒక కాగితం మీద గీతలు గీసి మా పేర్లు వేయించారు. ఆరు పేర్లయ్యాక కింద ఇంకో గీత గీయండి అన్నాను. ఎవరికి అన్నారు. ఈసారి ఆయ్ అనకుండా నోరు విప్పి చెప్పాను, ఎవరికో నేను చెప్పకూడదండీ, ఆ పేరు ఆయనే వచ్చి రాసుకోవాలి అని.

ఏడో గీత ఖాళీగా ఉంది నాన్నా. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి రా. నేను ముందే దిగి, మెడ లోతు దాకా వెళ్లి, నీ వైపు తిరిగి నిలబడతాను.

వాణి